ఏడాది పాటు బయట ఉండి పని చేసుకోవడానికి కౌలాలంపూర్, చియాంగ్ మాయ్, మారిషస్: ఏది నయమండి?

లంకలపిల్ల:

నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. ఒక బ్రిటన్ కంపెనీకి కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. నాలుగేళ్ళుగా ఇంటి దగ్గర్నుంచే పని. నెలకి 2,200 పౌండ్లు వస్తాయి, డాలర్లలో చూస్తే 2,900 దాకా. వచ్చే ఏప్రిల్ నుంచి ఏడాది పాటు వేరే దేశంలో ఉండి ఇదే పని చేసుకోవాలని ఉంది. ఎక్కడ ఉండాలో తేలడం లేదు.

ఎందుకు వెళ్ళాలనుకుంటున్నానో ముందు చెప్తాను. అది తెలీకుండా ఇచ్చే సలహా నాకు సరిపడదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మా పక్కనే తీరం దాటింది. సాయంత్రమే పోయిన కరెంటు నాలుగో రోజుకి గానీ రాలేదు. ఇన్వర్టర్ ఐదు గంటలు లాగింది. ఫైబర్ తీగ మీద కొబ్బరిచెట్టు పడింది. ఆ వారమే మా సాఫ్ట్‌వేర్ రిలీజ్. మా వీధి చివరివాళ్ళు రొయ్యల చెరువులో ఏరియేటర్ల కోసం జనరేటర్ వేశారు. ఆ గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్‌తో పదకొండు టెస్టులు పంపాను. మిగతా నలభై ఆగిపోయాయి. కంపెనీవాళ్ళు ఏమీ అనలేదు. కానీ జనవరిలో కాంట్రాక్టు పొడిగించినప్పుడు ఫారంలో కొత్తగా ఒక గడి చేర్చారు: కరెంటు, నెట్ పోతే మీరు పని చేసే రెండో చోటు ఏది?

రాజమండ్రిలో ఒక గది తీసుకుంటే ఆ గడి నిండిపోతుంది, తెలుసు. కానీ ఖాళీగా ఉన్న ఆ గడి చూస్తుంటే ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న మాట బయటికొచ్చింది. ఒక్క ఏడాది వేరే ఊళ్ళో, నా సొంత తాళంచెవితో బతకాలని ఉంది నాకు.

రెండో సంగతి మా అమ్మది. తను 2000లో ఇంటిపనికి మస్కట్ వెళ్ళింది. అప్పుడు నాకు ఐదేళ్ళు. 2011లో పూర్తిగా వచ్చేసింది. మధ్యలో వచ్చింది మూడుసార్లే. క్యాసెట్లో మాటలు రికార్డు చేసి ఊరికొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేది. నాన్న టేప్‌రికార్డర్లో పెడితే అమ్మ గొంతు వెనక ఎవరివో గిన్నెల చప్పుడు వినపడేది. అమ్మమ్మ పోయినప్పుడు అమ్మ రాలేకపోయింది. పాస్‌పోర్టు ఆ ఇంటి యజమాని బీరువాలో ఉంది, ఆయన ఊళ్ళో లేడు. పెద్దకర్మ రోజున ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి "అందరూ భోంచేశారా" అని అడిగింది. నేను ఆ బూత్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. మలికిపురం, సఖినేటిపల్లి, రాజోలు, ఏ వీధికెళ్ళినా కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళొచ్చిన అమ్మలు కనిపిస్తారు. మాది కొత్త కథేం కాదు.

నేను విదేశం మాట ఎత్తగానే అమ్మ అడిగింది, "పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుందే?" అని. నా దగ్గరే అమ్మా అన్నాను. "అయితే ఫోన్ చేస్తే ఎప్పటికి వస్తావు?" అంది. దానికి జవాబు చెప్పలేకపోయాను.

అందుకని నా లెక్కలో అద్దె తర్వాతి సంగతి. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఎన్ని గంటల్లో మా అరుగు ఎక్కుతానన్నది మొదటిది.

చదివి తెలుసుకున్నంతలో కొన్ని నాకు అందవు. దుబాయ్ రిమోట్ వీసాకి, అంటే అక్కడుండి వేరే దేశం కంపెనీకి పని చేసుకోనిచ్చే వీసాకి, నెలకి 3,500 డాలర్ల రాబడి చూపించాలి. బాలీకి ఏడాదికి 60,000 డాలర్లు. పోర్చుగల్‌కి వాళ్ళ కనీస వేతనానికి నాలుగు రెట్లు. మిగిలినవి మూడు. కౌలాలంపూర్‌కైతే మలేషియావాళ్ళ ఇలాంటి వీసా డీఈ రాంతౌ పాస్‌కి సాఫ్ట్‌వేర్ పనివాళ్ళయితే ఏడాదికి 24,000 డాలర్లు చాలు. చియాంగ్ మాయ్‌కైతే థాయ్‌లాండ్ డీటీవీ వీసాకి బ్యాంకులో 5 లక్షల బాట్ చూపాలి, ఉన్నవన్నీ కూడితే నా దగ్గర ఆ మాత్రం ఉంది. మారిషస్ ప్రీమియం వీసాకి నెలకి 1,500 డాలర్లు.

ఈ మూడింట్లో నిజంగా ఉండొచ్చినవాళ్ళు చెప్పండి. ఇక్కడ నా పని ఎండాకాలం మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి పదిన్నర, చలికాలం ఇంకో గంట ఆలస్యం. అక్కడ నా రాత్రులు ఎలా ఉంటాయి? ఒంటరి ఆడపిల్లకి ఇల్లు దొరుకుతుందా? ఇంటికి రావాల్సొస్తే మీకు ఎంతసేపు పట్టింది?

నర్సాపురం రేవు:

వశిష్ఠకి మీరు ఆ ఒడ్డు, మేం ఈ ఒడ్డండి. సఖినేటిపల్లిలో పంటు ఎక్కితే దిగేది మా ఊళ్ళోనే. చియాంగ్ మాయ్‌లో ఏడు నెలలు, తర్వాత కౌలాలంపూర్‌లో పది నెలలు ఉన్నాను. బెంగళూరు కంపెనీ పని.

చియాంగ్ మాయ్ గురించి ఇంటర్నెట్లో అందరూ మెచ్చుకునేదే రాస్తారు. నేనూ సెప్టెంబర్‌లో వెళ్ళాను, జనవరి దాకా స్వర్గమే. నెలకి 9,500 బాట్‌కి శుభ్రమైన గది, కింద బట్టలు ఉతికే మెషీన్లు, వీధి మలుపులో 60 బాట్‌కి అన్నం, కూర. రోజూ పొద్దున కిటికీలోంచి దోయ్ సుతేప్ కొండ, దాని మీద గుడి మెరుస్తూ కనపడేవి. ఫిబ్రవరి నెలాఖరుకి ఆ కొండ కనపడడం మానేసింది. పొలాల్లో మొక్కజొన్న దుబ్బులు, అడవిలో ఎండుటాకులు తగలబెడతారు. పక్కనున్న బర్మా, లావోస్‌లలోనూ అదే పని. మన దగ్గర వరిగడ్డి తగలబెట్టినా సాయంత్రానికి సముద్రపు గాలి ఎత్తుకుపోతుంది. అక్కడ చుట్టూ కొండలు, ఊరు గిన్నెలో ఉన్నట్టు ఉంటుంది, పొగ కదలదు. గాలి శుభ్రం చేసే మెషీన్ కొన్నాను. తెల్లటి ఫిల్టర్ మూడు వారాల్లో పొయ్యి మీది మసిగుడ్డలా తయారైంది. తలుపు సందుల్లో తడిపిన తువ్వాలు కుక్కి పడుకునేవాణ్ణి. మార్చిలో దగ్గు పట్టుకుంటే ఇక గది ఖాళీ చేశాను. మీరు ఏప్రిల్‌లో వెళ్తే దిగడమే ఆ పొగలో దిగుతారు.

ఆ డీటీవీ వీసా మాత్రం మంచిదే. 2024 జూలైలో పెట్టారు. ఐదేళ్ళు చెల్లుతుంది, వెళ్ళిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు అక్కడుంటే టాక్స్ లెక్కలోకి వస్తారు, అది గుర్తుంచుకోండి.

కౌలాలంపూర్ విషయానికొస్తే మీకు అసలు ఇబ్బంది గడియారం. మనకంటే రెండున్నర గంటలు ముందు. మీ పని అక్కడ సాయంత్రం నాలుగుకి మొదలై రాత్రి ఒంటిగంటకి తెములుతుంది, చలికాలం రెండుకి. రెండుకి పని ముగిసినంత మాత్రాన నిద్ర రాదు, నాలుగవుతుంది. నాకు ఆ బాధ లేదు గానీ పక్క గదిలో లండన్ పని చేసే తమిళ కుర్రాడు ఉండేవాడు. వాడు మూడు నెలలు పొద్దున వెలుగు చూడలేదు. మీ కంపెనీని వేళలు ముందుకి జరపమని ఇప్పుడే అడగండి, వెళ్ళాక కాదు.

ఇంటికి రావడం మాత్రం హాయి. హైదరాబాద్‌కి నేరుగా నాలుగు గంటలు. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి మన టైము ప్రకారం రాత్రి ఏడింటికి గది తాళం వేశాను. హైదరాబాద్‌లో నాలుగు గంటలు కుర్చీలో కునుకు తీసి, పొద్దున్నే రాజమండ్రి విమానం ఎక్కి, ఇంట్లో కాళ్ళు కడుక్కునేసరికి పదకొండైంది. పదహారు గంటలన్నమాట. చియాంగ్ మాయ్ నుంచైతే ముందు బ్యాంకాక్ రావాలి, ఇంకో అయిదారు గంటలు కలుపుకోండి. 2024 ఏప్రిల్‌లో వైజాగ్ నుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానం వేశారు, నేను ముందు ఊరు చూసి రావడానికి వెళ్ళింది దాంట్లోనే. అలాంటివి ఇవాళ ఉంటాయి, రేపు ఉండవు. హైదరాబాద్, చెన్నైలనే లెక్కేసుకోండి.

ఇంకో మాట. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ అని ఉంది. ఒక ఆదివారం స్నేహితుడి కారులో వెళ్ళాను. దారికి రెండు పక్కలా కొబ్బరితోటలు, బోదెలు, ఒడ్డున పడవలు. అంబాజీపేట పక్క సందులోకి తిరిగినట్టే ఉంది. ఎస్టేట్ల పనికి తాతల కాలంలో వెళ్ళిన తెలుగువాళ్ళు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. ఒక ముసలావిడ నా మాట విని "ఏ ఊరు నాయనా" అంది. నర్సాపురం అన్నాను. ఆ పేరు ఆవిడకి తెలీదు. అయినా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

కోరంగి మడ:

అమ్మాయ్, మీ అమ్మగారి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేను 2023 ఆగస్టు నుంచి 2024 జూలై దాకా మారిషస్‌లో ఉన్నాను. కాత్ర్ బోర్న్ అనే ఊళ్ళో, ఒక పడకగది ఇల్లు, సామానుతో సహా నెలకి 20,000 మారిషస్ రూపాయలు. మన డబ్బులో అప్పుడు ముప్పై ఆరు వేల దాకా. నేనూ లండన్ వేళల్లోనే చేసేదాన్ని. అక్కడ టైము మనకంటే గంటన్నర వెనక. ఎండాకాలం పన్నెండు నుంచి తొమ్మిది, చలికాలం ఒంటిగంట నుంచి పది. పొద్దున వంట, నడక, బజారు అన్నీ అయ్యాక తీరిగ్గా లాప్‌టాప్ తెరిచేదాన్ని. వేళల కోసమైతే అంతకంటే మంచి చోటు లేదు. ద్వీపమంతా ఫైబర్ ఉంది. ఒక్కటే, పని ముగిసే వేళకి బస్సులు ఉండవు, చీకటి పడితే ఊళ్ళు నిద్రపోతాయి. స్కూటర్ కొనుక్కోవాలి, లేదా ఇల్లు కదలకూడదు. సరుకులు చాలావరకు ఓడలో రావాల్సిందే కాబట్టి ఖరీదు. నేను మధ్యాహ్నం పూట దాల్ పూరీతో చాలాసార్లు సరిపెట్టుకునేదాన్ని, అది మాత్రం చవక, రుచి.

మాది తాళ్ళరేవు. కోరంగి రేవు మా ఇంటికి కూతవేటు దూరం. ఇప్పుడక్కడ మడ అడవి, పడవ షికారు. 1839 తుపానుకి కొట్టుకుపోకముందు పెద్ద ఓడలు ఆగిన చోటు. ఆ రేవు నుంచి చెరకుతోటల పనికి వెళ్ళిన మనవాళ్ళని మారిషస్‌లో కొరింగీలు అని పిలిచేవారు. నాకీ సంగతి అక్కడికెళ్ళాకే తెలిసింది. నా ఇంటి ఓనరమ్మ మీది ఏ ఊరని అడిగితే, కోరంగి దగ్గర అన్నాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నన్ను చూస్తూ ఉండిపోయింది. లోపలికెళ్ళి వాళ్ళాయన్ని, కూతుర్ని పిలుచుకొచ్చింది. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది క్రియోల్. తెలుగు బళ్ళో నేర్చుకున్నది, రామభజనలో పాడుకునేది. 2024 ఏప్రిల్ 9న ఉగాది అక్కడ దేశానికంతటికీ సెలవు. మన ఊళ్ళో బ్యాంకుకి సెలవంటే ఏమీ అనిపించదు. అక్కడ చైనావాళ్ళ కొట్టు కూడా మన ఉగాదికి మూసి ఉంటే గుండె నిండిపోయింది. ఆవిడ చేసిన పచ్చడిలో వేపపువ్వు ఉంది, ఎక్కడ దొరికిందో అడగలేదు.

తుపాన్లకి భయపడి వెళ్తున్నారు కాబట్టి ఇది చెప్పాలి. అక్కడా తుపాన్లే, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయి, మూడో నంబరు వచ్చిందంటే ఎవరూ బయటికి రారు. 2024 జనవరి 15న బెలాల్ వచ్చినప్పుడు పోర్ట్ లూయీ వీధుల్లో కార్లు నీళ్ళలో కొట్టుకుపోయాయి. మా వీధిలో మాత్రం కరెంటు రెండు గంటలే పోయింది. ఆ రాత్రి మన తాళ్ళరేవు గుర్తొచ్చి చాలాసేపు మెలకువగా ఉన్నాను. ఇక్కడా తీగలు భూమిలో వేయకూడదా అనిపించింది.

ఇక మీ అమ్మగారి రెండో ప్రశ్న. 2024 మే నెలలో మా నాన్నగారికి పక్షవాతం అని రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. ఆ రాత్రి ముంబై విమానం లేదు. మర్నాడు సాయంత్రం దొరికింది. ముంబై, అక్కణ్ణుంచి హైదరాబాద్, రాజమండ్రి, కారులో కాకినాడ. ఆసుపత్రి మెట్లెక్కేసరికి 41 గంటలు. నాన్నగారు కోలుకున్నారు, ఇప్పుడు కర్ర పట్టుకుని గోదారి కాలవ దాకా నడుస్తారు. కానీ ఆ 41 గంటల్లో సముద్రం మీద ఫోన్ పనిచేయని ఆరు గంటలు ఉన్నాయి చూశారూ, అవి నా మనసులోంచి ఇంకా పోలేదు. మారిషస్ నాకు ప్రాణం. మళ్ళీ వెళ్తాను కూడా. కానీ మీరు పెట్టుకున్న లెక్కకి అది సరిపోదమ్మా, దాచకుండా చెప్తున్నాను.

భీమవరం లెక్కలు:

మన దగ్గరి టాక్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా. మన లెక్క ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. ఆ ఏడాదిలో 182 రోజులు ఇండియాలో ఉంటే మీ ప్రపంచవ్యాప్త ఆదాయం మీద ఇక్కడే పన్ను. ఏప్రిల్‌లో బయల్దేరడానికీ అక్టోబర్‌లో బయల్దేరడానికీ అందుకే చాలా తేడా. మలేషియాలోనూ 182 రోజులు ఉంటే అక్కడ టాక్స్ రెసిడెంట్ అవుతారు. పాస్‌పోర్టులో పడే ప్రతి ముద్ర ఫోటో తీసి పెట్టుకోండి, రోజులు లెక్కేసేటప్పుడు అవే సాక్ష్యం.

మీ రాబడి ఏడాదికి 20 లక్షలు దాటుతోంది. ఇక్కణ్ణుంచి చేసినంతకాలం జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఎల్‌యూటీ (ఏటా ఇచ్చే హామీపత్రం) ఇస్తే ఎగుమతి కింద పన్ను కట్టక్కర్లేదు. లేకపోతే వెళ్ళేముందే సరిచేసుకోండి. ఇక్కడి హెల్త్ పాలసీ సాధారణంగా అక్కడ పనికిరాదు. మీది అక్కడ వేరే తీసుకోండి, అమ్మగారిది మాత్రం ఆపకండి.

లంకలపిల్ల:

అందరికీ చేతులెత్తి నమస్కారమండి. మూడు రోజులు అమ్మకి ఒక్కొక్కటే చదివి వినిపించాను. కోరంగి అక్కా, ఓనరమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయిన చోట అమ్మ మళ్ళీ చదవమంది. 41 గంటల దగ్గర మాత్రం ఏమీ అనకుండా లేచి కొబ్బరికాయలు లెక్కపెట్టడానికి వెళ్ళిపోయింది. ఆ రోజు దింపు ఉంది, వ్యాపారి వచ్చే వేళే. అయినా నాకు తెలుసు ఎందుకెళ్ళిందో.

నిజం చెప్పాలంటే నా మనసు మారిషస్ మీదే ఉండేది, వేళల కోసం. ఇప్పుడు కౌలాలంపూర్ అనుకున్నాను. నర్సాపురం వారు చెప్పినట్టే కంపెనీకి రాశాను: వాళ్ళ పొద్దున ఏడింటికే మొదలుపెడతాను, సాయంత్రం నాలుగుకి ఆపేస్తాను అని. అలా అయితే నాకు అక్కడ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు, చలికాలం పన్నెండు. మంగళవారం రోజు మాత్రం టీమ్ మీటింగ్ వల్ల ఆలస్యం తప్పదన్నారు, మిగతాదానికి ఒప్పుకున్నారు. అడిగితే ఏమనుకుంటారో అని నాలుగేళ్ళు వాళ్ళ గడియారం ప్రకారమే ఉన్నాను. రెండు వాక్యాల మెయిల్‌తో అయిపోయింది.

డీఈ రాంతౌకి కాగితాలు పెడుతున్నాను. ఫీజు వెయ్యి రింగిట్. కాంట్రాక్టు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధం చేశాను. భీమవరం వారూ, జీఎస్టీ ఉందండి, ఎల్‌యూటీ ఈ ఏడాదిది పెట్టలేదు, రేపే చూస్తాను. పాస్ రాకముందే టూరిస్టుగా వెళ్ళి పని మొదలుపెట్టమని ఒకరిద్దరు విడిగా మెసేజ్ పెట్టారు. నేను అలా చేయనండి. దొంగచాటుగా ఉండడం ఎలా ఉంటుందో మా వీధిలో చాలామంది నోట విన్నాను.

అమ్మకి రాత్రి జవాబు చెప్పాను. పదహారు గంటలు, నా గది నుంచి మన అరుగు దాకా అని. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "పొద్దున చేస్తే రాత్రికి" అంది. అవునమ్మా, విమానం దొరికితే అన్నాను. "దొరక్కపోతే?" అంది. మర్నాటికి అన్నాను. తలూపింది.

నర్సాపురం వారికి ఒక్క ప్రశ్న. మీరున్న చోట గదుల్లో వంట చేసుకోనిస్తారా? మా అమ్మ సంక్రాంతి వెళ్ళాక ఒక నెల వచ్చి ఉంటానంటోంది. తనకి బయటి తిండి పడదు.

నర్సాపురం రేవు:

కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో నేనున్న ఇంట్లో చేసుకోనిచ్చేవారండి, గ్యాసు కాదు, కరెంటు పొయ్యి. కింద వీధిలోనే కరివేపాకు, మునక్కాయలు, చింతపండు దొరుకుతాయి. చేపల పులుసు పెట్టినప్పుడు మాత్రం వెనక కిటికీ తీసి ఉంచాలి, లేకపోతే పొగ అలారం మోగుతుంది, నాకు రెండుసార్లు మోగింది. ఓనరమ్మ ఒక్కతే ఉంటుంది, కింది వాటాలో. ఆవిడ నంబరు మీకు విడిగా మెసేజ్ చేస్తున్నాను. ఏప్రిల్‌కి ఆ గది ఖాళీయేనట, ఇందాకే అడిగాను.